తెలుగు అచ్చయిన ఊరికి రాత్రి బండి

కాశికి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమని మనలో ఒక సామెత ఉన్నది. రైళ్లు లేని రోజుల్లో పుట్టిన మాట అది. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్నంలో బయలుదేరి, హైదరాబాదు మీదుగా కాశి చేరి, గయ, కలకత్తా చూసుకుని 1831 సెప్టెంబరు 3కు ఇల్లు పట్టారు. పదిహేను నెలల పైచిలుకు ప్రయాణం. వెంట బంధువులు, పరివారం, బోయీలు, డేరాలు. వారు సుప్రీంకోర్టులో ద్విభాషీ ఉద్యోగం చేసిన గృహస్థులు కనుక చెల్లింది. ఆ ప్రయాణం వల్ల మనకు 'కాశీయాత్ర చరిత్ర' అనే మంచి పుస్తకం దక్కింది.

అయితే ఊళ్లు చూడడమంటే ఉన్నవాళ్ల వేడుక అనే అభిప్రాయం మాత్రం, మన దేశానికి రైలు వచ్చి నూటడెబ్బై ఏళ్లు దాటినా, మధ్యతరగతి ఇళ్లను వదలలేదు. మనం పెళ్లికి పోతాం, చావుకు పోతాం, మొక్కు తీర్చుకోవడానికి వేములవాడకూ తిరుపతికీ పోతాం. ఊరికే ఒక ఊరిని చూసి వద్దామని బయలుదేరితే మాత్రం అందరూ ఒకటే ప్రశ్న: "ఏం పనిమీద?" పనేమీ లేదండీ, చూద్దామని, అంటే అనుమానంగా చూస్తారు. అందునా అప్పు చేసి చదువుకొంటున్న కుర్రవాడు ఆ మాట అన్నాడంటే ఇక చెప్పనక్కరలేదు.

2025 జూన్ మొదట్లో సరిగ్గా ఇదే తగవు మా ఇంటి అరుగుమీదికి వచ్చింది.

వచ్చిన పెద్దమనిషిది ఎల్లంతకుంట. సిరిసిల్లలో నాలుగు సాంచాలు పెట్టుకుని ఆసామిగా బతుకుతున్నాడు. సాంచె అంటే తెలియని పాఠకులకు ఒక మాట: మరమగ్గాన్ని ఇక్కడ అలా అంటారు. ఆయన కొడుకు ఇంటర్మీడియెట్‌లో నా దగ్గర తెలుగు చదివాడు. చదివాడనడం కంటే పరీక్ష గట్టెక్కాడనడం న్యాయం. ఆ తరువాత ఇంజనీరింగు ముగించి, ఇప్పుడు జర్మనీ నైఋతి మూల ఫ్రైబుర్గ్ పట్టణంలో పైచదువు చదువుతున్నాడు.

"సారూ, పోరడు ఫోన్ జేసిండు. రాత్రి రైలెక్కి ఏదో ఊరు చూసొస్తడట. మీరే పొమ్మన్నరట గదా. ఇల్లు బ్యాంకుల బెట్టి పంపిన. సదువుకొమ్మని పంపిన్నా, తిరుగుమని పంపిన్నా?"

ఆ మాటలో తప్పు పట్టవలసిన అక్షరం ఒక్కటీ లేదు. జర్మనీ వీసా కావాలంటే విద్యార్థి ఏడాది ఖర్చుకు 11,904 యూరోలు ముందుగానే అక్కడి ఖాతాలో వేసి చూపించాలి. 2024 సెప్టెంబరులో పెట్టిన లెక్క ఇది. యూరో అప్పటికి వంద రూపాయల దరిదాపు. అంటే పన్నెండు లక్షలు. తన డబ్బే అయినా నెలకు 992 యూరోలకు మించి తీయడానికి వీల్లేదు. జర్మనీలో చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఫీజు లేదన్నది నిజమే కాని, ఫ్రైబుర్గ్ ఉన్న రాష్ట్రంలో మాత్రం 2017 నుంచి మనవంటి దేశాల విద్యార్థులు సెమిస్టరుకు 1500 యూరోలు కట్టాలి. ఇంత బరువు నెత్తిన ఉండగా పిల్లవాడు విహారమంటే ఏ తండ్రికి మండదు?

నేను వెంటనే సమాధానం చెప్పలేదు. చాయ తెప్పించి వేరే మాట ఎత్తాను.

"అన్నా, మీరు భివండి పోయిన్రు గదా. ఏ వయసుల?"

"పద్దెనిమిదేండ్లప్పుడు. ఇక్కడ పని లేకపాయె. జనరల్ డబ్బల రొట్టెల మూట మీద కూసొని పోయిన. సాంచె పని అంత అక్కడనే నేర్చుకున్న."

"ఎన్నేండ్లున్నరు?"

"ఏడేండ్లు."

"భివండికి బొంబాయి పక్కనే గదా. సముద్రం చూసిన్రా?"

ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"లేదు సారూ. ఒక్క దినం నాగా బెడితె ఆ దినం కూలి పాయె. ఇయ్యాల గాకుంటె రేపు పోదమనుకుంట ఏడేండ్లు గడిపిన. వచ్చినంక ఇగ ఏడ పోతం?"

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తరువాత ఆయనే అడిగాడు. "సరే సారూ. ఆ ఊర్ల ఏమున్నది? ఎంతయితది?"

ఈ రెండు ప్రశ్నలకూ ఆయనతో చెప్పిన జవాబే పాఠకులకూ మనవి చేస్తాను. ఎందుకంటే 2024-25 చలికాలపు సెమిస్టరు నాటికి జర్మనీలో చదివే భారతీయ విద్యార్థులు అరవై వేల దరిదాపున ఉన్నారు. వారిలో మన తెలుగు పిల్లలు కొద్దిమంది కారు. ఈ తగవు ఒక్క ఎల్లంతకుంటది కాదు.

మొదటి ప్రశ్న: ఆ ఊళ్లో ఏమున్నది?

ఊరిపేరు హాలె. జాలె నది ఒడ్డున, బెర్లిన్‌కు నైఋతి దిక్కున ఉంటుంది. గాథాసప్తశతి కూర్చిన మన హాలుడికీ ఈ హాలెకూ ఏ చుట్టరికమూ లేదు. అది ఉప్పు ఊటల మీద బలిసిన పాత పట్టణం. సంగీతకారుడు హాండెల్ 1685లో పుట్టింది అక్కడ. కాని నేను మావాణ్ణి పొమ్మన్నది హాండెల్ కోసం కాదు. తెలుగు అక్షరాలతో తొలి పుస్తకాలు అచ్చయినది ఆ ఊళ్లోనే. చెన్నపట్నంలో కాదు, బందరులో కాదు, హాలెలో. 1746, 47 సంవత్సరాల్లో.

కథ ఇది. బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ మతబోధకుడు 1719లో తమిళదేశంలోని తరంగంబాడికి వచ్చాడు. అప్పుడది డెన్మార్కువారి రేవు. ఆయన అక్కడ తమిళం నేర్చాడు. 1726లో చెన్నపట్నానికి మారాడు. అక్కడ వీధిలో వినపడే మరో భాష తెలుగు. పట్టుబట్టి దాన్నీ నేర్చాడు. 1728లో లాటిన్ భాషలో తెలుగుకు ఒక వ్యాకరణం రాశాడు. బైబిలును తెనిగించాడు. ఆ తెనుగు బైబిలు అచ్చుకు నోచుకోలేదు. వ్యాకరణం రాతప్రతిగానే ఉండిపోయి, రెండువందల ఏభై ఆరేళ్ల తరువాత 1984లో హాలెలోనే వెలుగు చూసింది. 1743లో ఆయన స్వదేశానికి తిరిగిపోయి హాలెలో స్థిరపడ్డాడు. తెలుగు అచ్చుదిమ్మలు పోత పోయించి చిన్న చిన్న మత గ్రంథాలు అచ్చువేయించాడు. వాటిలో ఒకదాని పేరు 'మోక్షానికి కొంచుపొయ్యే దోవ'. 1760లో అక్కడే కన్నుమూశాడు.

పోల్చి చూడండి. విలియం కేరీ తెలుగు వ్యాకరణం 1814లో వచ్చింది. కాంబెల్ వ్యాకరణం 1816. బ్రౌనుదొర నిఘంటువు 1852. హాలె పుస్తకాలు వీటన్నిటికీ ముత్తాతల తరానివి. షుల్జ్ మతంతో మనకు పని ఉన్నా లేకున్నా, ఆయన పోయించిన అక్షరాలతో మనకు బంధుత్వం ఉన్నది.

ఆ పుస్తకాల వెనుక ఒక సంస్థ ఉన్నది. ఆగస్ట్ హెర్మన్ ఫ్రాంకె అనే ఆచార్యుడు 1698లో అనాథ పిల్లలకోసం హాలెలో పెద్ద భవనానికి పునాది వేశాడు. క్రమంగా బడులు, మందుల అంగడి, అచ్చు కార్యాలయం, గ్రంథాలయం చేరి అదొక పేట అయింది. తరంగంబాడికి బోధకులను పంపిందీ, 1713లో తమిళ అచ్చుదిమ్మలు పంపిందీ ఈ హాలెవారే. 1728లో కట్టిన గ్రంథాలయ భవనం నేటికీ నిలిచి ఉన్నది. పాత అనాథాలయ భవనం పై అంతస్తులో దేశదేశాల వింతవస్తువుల గది ఒకటి, పాతకాలపు అల్మారాలతో సహా, ఉన్నది.

ఇక రెండో ప్రశ్న: ఎంతవుతుంది?

ఇక్కడ రాత్రి బండి ముచ్చట వస్తుంది. రాత్రిపూట రైలెక్కితే సత్రం ఖర్చు మిగులుతుందని మన తాతలకు తెలుసు. ఐరోపాలోనూ అదే లెక్క. జర్మన్ రైల్వే తన రాత్రి బండ్లను 2016 డిసెంబరులో మానుకుంటే, ఆస్ట్రియా రైల్వే వాటిలో కొన్నిటిని తీసుకుని నడిపిస్తున్నది. జ్యూరిక్‌లో బయలుదేరి బాసెల్, ఫ్రైబుర్గ్ మీదుగా బెర్లిన్ పోయే బండి అందులో ఒకటి. పడక గది, పడక బల్ల, కూర్చునే సీటు అని మూడు తరగతులు. సీటు అన్నిటికంటే చౌక. ఎంత ముందు కొంటే అంత తక్కువ. నడుము పట్టేస్తుంది, నిజమే. ఇరవైమూడేళ్ల నడుము ఒక రాత్రికి విరగదు.

బెర్లిన్ నుంచి హాలెకు వేరే టికెట్టు కొననక్కర లేదు. 2023 మే ఒకటిన జర్మనీలో ఒక నెల టికెట్టు పెట్టారు. దానితో దేశమంతటా బస్సులు, ట్రాములు, చిన్న రైళ్లు అన్నీ ఎక్కవచ్చు. మొదట 49 యూరోలు, 2025 జనవరినుంచి 58, 2026 జనవరినుంచి 63. మావాడు కాలేజీకి పోవడానికి ఎలాగూ కొంటాడు. ఒక్క జాగ్రత్త: వేగపు బండ్లకు అది చెల్లదు. తెలియక ఎక్కితే జరిమానా 60 యూరోలు. కనుక బెర్లిన్‌లో చిన్న బండి పట్టి, లూథరు ఊరు విట్టెన్‌బెర్గ్‌లో మారి హాలె చేరాలి. పూటపని అవుతుంది, కాని పైసా ఖర్చు లేదు.

పడకకు యువజన వసతిగృహం. దీని పుట్టుక మా వృత్తివాళ్లు గర్వపడవలసినది. రిచర్డ్ షిర్మన్ అనే బడిపంతులు 1909లో పిల్లలను వెంటబెట్టుకుని నడకయాత్ర చేస్తుండగా గాలివాన పట్టుకున్నది. ఆ రాత్రి వారంతా ఒక పల్లెబడిలో తలదాచుకున్నారు. సెలవుల్లో బడులు ఖాళీగానే ఉంటాయి గదా, నడిచే పిల్లలకు వాటిలో పడక ఇస్తే ఏమి, అని ఆయనకు తోచింది. 1912లో ఆల్టెనా కోటలో మొదటి శాశ్వత వసతిగృహం వెలిసింది. నేడు ప్రపంచమంతా ఉన్న వసతిగృహాలకు మూలం ఆ పంతులుగారి వానరాత్రి.

రోజు ఎంపికలో ఒక చిన్న యుక్తి పనికి వచ్చింది. 2025 జూన్ 19 గురువారం కాథలిక్కుల పండుగ. ఫ్రైబుర్గ్ రాష్ట్రంలో సెలవు. హాలె ఉన్న రాష్ట్రం లూథరు మతస్థుల గడ్డ, అక్కడ ఆనాడు సెలవు లేదు. అంటే మావాడికి కాలేజీ ఉండదు, అక్కడ గ్రంథాలయం మూసి ఉండదు. బుధవారం రాత్రి ఎక్కి, గురువారం మధ్యాహ్నం చేరి, శుక్రవారమంతా చూసి, శనివారం చిన్న బండ్లు మారుతూ పొద్దుగూకేదాకా ప్రయాణం చేసి తిరిగి రావాలి. రాత్రి బండి సీటు, రెండు రాత్రుల పడక, తిండి, కలిపి నూట నలభై యూరోలు దాటకూడదని కట్టడి చేశాను. తిండికి చపాతీలు, అమ్మ పంపిన సకినాలు, కుళాయి నీళ్లు. అక్కడి కుళాయి నీళ్లు నిక్షేపంగా తాగవచ్చు.

"పద్నాలుగు వేలు" అన్నాడు తండ్రి. ఆ అంకె ఆయన నోట ఎంత బరువుగా పలికిందో నేను విన్నాను. ఆ డబ్బుకు ఎన్ని మీటర్ల బట్ట నేయాలో నాకు తెలియదు, ఆయనకు తెలుసు.

అప్పుడు జర్మన్ వడ్రంగుల సంగతి చెప్పాను. ఆ దేశంలో వడ్రంగి, తాపీ, ఇంటికప్పు పని వంటి వృత్తులు నేర్చిన యువకులు కొందరు ఇప్పటికీ ఒక పాత ఆచారం పాటిస్తారు. శిష్యరికం ముగియగానే నల్లటోపీ, వెడల్పు కాళ్ల లాగు తొడిగి, మూట భుజాన వేసుకుని దేశాటన పోతారు. మూడేళ్ల మీద ఒక రోజు తిరగాలి. ఆ కాలమంతా సొంత ఊరికి ఏభై కిలోమీటర్ల లోపలికి రాకూడదు. ఎక్కడ పని దొరికితే అక్కడ చేయాలి, కొత్త పనితనం నేర్వాలి. తిరిగినవాడి చేతికి ఉండే విలువ కదలనివాడి చేతికి లేదని వారి నమ్మకం.

"భివండిల మీరు చేసింది గదే అన్నా. మూడేండ్లు గాదు, ఏడేండ్లు."

"మేం కడుపుకు పోయినం సారూ."

"పిల్లగాడు గూడ కడుపుకే పోయిండు. నాలుగు దినాలు కండ్లకు పోనియ్యున్రి."

ఆయన నవ్వలేదు. లేచి, చెప్పులు తొడుక్కుంటూ, "జాగర్త పొమ్మనున్రి. సంచి కాళ్ల సందున బెట్టుకొమ్మనున్రి" అన్నాడు. జనరల్ పెట్టెలో ఏడేళ్లు రాకపోకలు చేసిన మనిషి ఇచ్చిన అనుమతి అది.

పిల్లవాడు వెళ్లాడు. గ్రంథాలయానికి ముందుగా ఉత్తరం రాసి పెట్టుకొమ్మని చెప్పాను, అలాగే చేశాడు. శుక్రవారం మన సాయంత్రానికి ఫోను వచ్చింది. బజారు మధ్య ఎర్రగోపురం, నాలుగు శిఖరాల చర్చి, అందులో లూథరు మృతముఖం నుంచి తీసిన మైనపు అచ్చు, మ్యూజియంలో 1999లో నేబ్రా దగ్గర దొరికిన మూడువేల ఆరువందల ఏళ్లనాటి కంచుపళ్లెం, దానిమీద బంగారంతో పొదిగిన చంద్రుడూ చుక్కలూ, అన్నీ గడగడా చెప్పాడు. తరువాత గొంతు తగ్గించాడు.

"సారూ, పుస్తకం చూపిచ్చిన్రు. చిన్నది. అక్షరాలు మనయే. చదువొస్తుంది, కని నిమ్మళంగ. అక్కడున్న మేడం, ఇది నీ భాషనా అని అడిగింది. అవునన్న. జర చదివి వినిపియ్యుమన్నది."

"చదివినవా?"

"చదివిన సారూ. మస్తు తప్పులు వోయినయ్. ఆమెకు తెల్వది గదా." కాసేపు ఆగి, "దోవ అంటె తొవ్వనే గదా సారూ?" అన్నాడు.

తొవ్వే, అన్నాను. రెండేళ్లు తరగతిలో ఎదుట కూర్చుండి ఒక్క సందేహమూ అడగని కుర్రవాడు, నాలుగు వేల మైళ్ల అవతలనుంచి ఒక తెలుగు మాటకు అర్థం అడిగాడు. పద్నాలుగు వేలలో ఈ ప్రశ్న ఖరీదు ఎంతో కట్టడం నా చేత కాదు.

ప్రయాణం వల్ల మార్కులు పెరుగుతాయని గాని, ఉద్యోగం త్వరగా వస్తుందని గాని నేను చెప్పను. అప్పు అప్పుగానే ఉన్నది. మావాడు ఆ నెలలో వారాంతపు పని నాలుగు పూటలు ఎక్కువ చేసి ఖర్చు పూడ్చుకున్నాడు. విదేశీ విద్యార్థికి అక్కడ ఏడాదికి 140 పూర్తి రోజులు, లేదా 280 సగం రోజులు పని చేసుకునే హక్కు 2024 మార్చినుంచి ఉన్నది. చెప్పదలచినది ఒక్కటే. పరాయిదేశంలో పిల్లవాడు గది, తరగతి, పనిచోటు, ఈ మూడిటి మధ్యనే తిరిగి వస్తే ఆ దేశం వాడికి ఒక అప్పు పత్రంగానే మిగులుతుంది. ఫోను చేసినప్పుడు మనం తిన్నావా, పడుకున్నావా, డబ్బులున్నాయా అని అడుగుతాం. అడగవలసినవే. వాటితోపాటు ఈ వారం ఏం చూశావని కూడా ఒక మాట అడగండి. అడిగేవారుంటే చూసేవారుంటారు.

విదేశాల్లో పిల్లలు లేనివారు ఈ సలహా మాకు కాదనుకోవద్దు. మా ఎల్లంతకుంటకు రైలు లేదు. మనోహరాబాదు, కొత్తపల్లి లైను 2023 అక్టోబరులో సిద్దిపేట దాకా వచ్చి, సిరిసిల్ల వైపు దారి తవ్వుకుంటున్నది. రైలు వచ్చేదాకా ఆగనక్కర లేదు. కరీంనగరంనుంచి జగిత్యాల పోయే దారిలో గంగాధర మండలం కురిక్యాల ఊరున్నది. దాని దగ్గర బొమ్మలగుట్ట. ఆ బండమీద వేములవాడ చాళుక్యుల కాలంలో, పదో శతాబ్దిలో, పంపకవి తమ్ముడు జినవల్లభుడు చెక్కించిన శాసనం ఉన్నది. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషలూ ఉన్నాయి. తెలుగు భాగం కంద పద్యాలు. నన్నయకు ముందటివి. తెలుగు కాగితంమీద అచ్చయిన ఊరికి రాత్రి బండి కావాలి. తెలుగు కందం రాతికెక్కిన ఊరికి మాకు బస్సు చాలు.

పిల్లలను వెంట తీసుకుపొండి. ఎండ ముదరకముందే గుట్ట ఎక్కాలి. నీళ్లసీసా, నాలుగు రొట్టెలు మరవకండి. పైన అంగళ్లు ఏమీ ఉండవు.